నల్లగా పడిన ఎర్రచీర

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. కిందటేడు థాంక్స్‌గివింగ్ సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు పాత ఆల్బం తిరగేస్తూ ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. మా అమ్మమ్మా తాతయ్యా పెళ్ళయిన కొత్తలో, 1930లో, గుంటూరులో తీయించుకున్న ఫోటో అది. తాతయ్య పంచె, కోటు, తలపాగాతో కుర్చీలో కూర్చుని ఉంటాడు. అమ్మమ్మ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి, కెమెరా వైపు కాస్త భయంగా చూస్తూ ఉంటుంది.

"అమ్మమ్మా, ఆవిడ పెళ్ళికూతురు కదా, మరి బ్లాక్ శారీ ఎందుకు కట్టుకుంది?" అని అడిగింది పిల్ల.

ఆ ప్రశ్నకి సందర్భం కూడా అలాంటిదే. ఆ శనివారం మా కుటుంబం మొత్తానికీ ఫోటో సెషన్ ఉంది. కొడుకు కుటుంబం, కూతురి కుటుంబం, నేను, వెరసి తొమ్మిదిమందిమి. నెల ముందే ఫోటోగ్రాఫరమ్మాయి ఒక రంగుల చార్టు పంపించింది. మీగడ రంగు, ఇసుక రంగు, వెలిసిపోయినట్లుండే లేత ఆకుపచ్చ. వీటిలోంచే ఎంచుకోవాలిట. కొట్టొచ్చినట్లు కనబడే రంగులు వద్దు, పెద్ద పెద్ద పూలు వద్దు, అలాగని అందరూ ఒకే రంగులో దిగకూడదు. మా అమ్మాయి ఆ చార్టుని అందరికీ మెసేజ్‌లో పంపి, నాకు మాత్రం ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు క్రీమ్ కలర్ కట్టుకోనక్కర్లేదు, అంటే... నీ ఇష్టం..." అని ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.

ముందు మనవరాలి ప్రశ్నకి జవాబు. అమ్మమ్మది నల్లచీర కాదు, పెళ్ళికి పెట్టిన ఎర్ర పట్టుచీర. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, ఆ చీర చిరుగులు పట్టాక బాగున్నంత మేరకు కత్తిరించి నాకు పరికిణీ కుట్టించారు. 1960 ప్రాంతాల్లో ఆ ఎర్ర పరికిణీ కట్టుకునే నేను ఊళ్ళో బొమ్మలకొలువు పేరంటాలన్నీ తిరిగాను.

మరి ఫోటోలో నల్లగా ఎందుకు పడింది? 1839లో పారిస్‌లో ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించిన నాటి నుంచీ చాలా ఏళ్ళపాటు ఫోటో పలకలకి నీలం, ఊదా కాంతులే కనబడేవి. ఎరుపు వాటి లెక్కలో చీకటే. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు, పలక పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే పచ్చని రంగులు కూడా పడతాయని కనిపెట్టాడు. అలా వచ్చినవి ఆర్థోక్రొమాటిక్ పలకలు. ఎరుపుతో సహా అన్ని రంగులనీ పట్టుకునే పాన్‌క్రొమాటిక్ పలకలు 1906 నాటికి ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. అయినా స్టూడియోల వాళ్ళు చాలామంది పాత రకాన్ని వెంటనే వదల్లేదు. దానికి మంచి కారణమే ఉంది. పాత పలకకి ఎరుపు కనబడదు కాబట్టి డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు వేసుకుని, బొమ్మ ఎంతవరకు తేలిందో కళ్ళతో చూసుకుంటూ కడుక్కోవచ్చు. కొత్త రకాన్ని కటికచీకట్లో తడుముకుంటూ కడగాలి. ఆ గుడ్డి ఎర్రబల్బు పని చేసిన కారణమూ, అమ్మమ్మ పట్టుచీర నల్లబడిన కారణమూ ఒక్కటే!

దీన్నిబట్టి మన పాత ఫోటోలని మళ్ళీ ఒకసారి చూడండి. కుంకుమబొట్టు కాటుకబొట్టులా కనబడుతుంది. తాంబూలం వేసుకున్న పెదవులు నల్లబారి ఉంటాయి. తెల్లచీర అనుకున్నది లేతనీలం చీర అయినా అయి ఉండవచ్చు. ఫోటోకి ఏం కట్టుకోవాలన్న ప్రశ్నకి ఆ రోజుల్లో సగం జవాబు రసాయనాలే చెప్పేవన్నమాట. కొంతమంది స్టూడియోవాళ్ళు ప్రింటు మీద సన్నటి కుంచెతో బొట్టుకి ఎరుపు, గాజులకి పచ్చ, నగలకి పసుపు అద్ది ఇచ్చేవారు. అవి చూసి మనం ఇప్పుడు నవ్వుకుంటాం గాని, ఫోటో పోగొట్టిన రంగుని తిరిగి పెట్టాలన్న తాపత్రయం అందులో ఉంది.

మన ప్రాంతంలో కుటుంబ ఫోటోల కథ చెప్పాలంటే లాలా దీన్‌దయాళ్ దగ్గర మొదలుపెట్టాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదువుకుని, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చుకున్న ఆయన 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. నాకు ఆయన గురించి అన్నిటికన్న ఇష్టమైన విషయం 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం పెట్టిన జనానా స్టూడియో. దాన్ని నడిపింది మిసెస్ కెనీ లెవిక్ అనే ఇంగ్లీషు వనిత. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగపురుగు కనబడకూడదు. ఘోషా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు తమకు నచ్చిన బట్టలు, నగలు పెట్టుకుని వచ్చి దర్జాగా ఫోటో దిగి వెళ్ళేవారు. ఆ స్టూడియోల గాజుపలకలు దాదాపు మూడువేలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. నవాబుల కుటుంబాలకి సరే, మామూలు ఇళ్ళకి ఫోటో అందుబాటులోకి రావడానికి ఇంకో నలభై, యాభై ఏళ్ళు పట్టింది.

మా తరం వాళ్ళకి గుర్తున్న స్టూడియో వేరు. సరస్సూ మేడమెట్లూ వేసిన తెర, ఎత్తుబల్ల మీద పూలకూజా, మోగని టెలిఫోను. వేసవిలో మల్లెమొగ్గలతో పూలజడ వేయించుకున్న ఆడపిల్లని వీపు వైపు నిలువుటద్దం వచ్చేలా నిలబెట్టేవారు, ముఖమూ జడా రెండూ ఒకే ఫోటోలో పడాలి కదా! జడ వేసిన పెద్దమ్మకి దక్కిన కీర్తి అది. పుట్టువెంట్రుకలు తీయించకముందు మగపిల్లాడికి కూడా జడ వేసి, పరికిణీ కట్టి ఫోటో తీయించడం మన ఇళ్ళలో ఉంది. ఇది చదివే పెద్దమనుషుల్లో చాలామంది దగ్గర అలాంటి ఫోటో ఉండే ఉంటుంది, ఎవరికీ చూపించరు గాని.

ఇక మ్యాచింగ్ మాటకొస్తే, అది మనకి కొత్తేమీ కాదు. పండక్కి ఇంటిపెద్ద బట్టలకొట్లో ఒకే తాను తెగ్గొట్టించి తెచ్చేవాడు. దర్జీ అరుగు మీద మిషను పెట్టుకుని ఆడపిల్లలకి గౌన్లు, మగపిల్లలకి చొక్కాలు అన్నీ అందులోంచే కుట్టేవాడు. మిగిలిన ముక్కలు దిండు గలీబులయ్యేవి. 1962లో మా పెదనాన్నగారి ఇంట్లో తీసిన గ్రూప్ ఫోటోలో పదకొండుమంది పిల్లలం ఒకే గళ్ళ బట్టలో ఉన్నాం. తాను కొంటే గజానికి కాస్త కలిసొస్తుంది, ఉమ్మడి కుటుంబంలో నీ బట్ట బాగుంది నా బట్ట బాగాలేదు అన్న పేచీ ఉండదు. ఈ దేశంలో అదే పని చేయడానికి రెట్టింపు డబ్బు పోస్తున్నాం.

ఈ దేశం అన్నాను కాబట్టి ఇక్కడి మాట. 1965కి ముందు అమెరికాలో తెలుగు కుటుంబం మొత్తం కలిసి ఫోటో దిగే అవకాశమే బహు తక్కువ. 1917 చట్టం మనవాళ్ళ వలసకి తలుపులు మూసేసింది. 1923లో సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది. 1946లో తలుపు కొంచెం తెరిచారు గాని ఏడాదికి నూరుమందికే చోటు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో బాస్టన్ వచ్చి, 1948లో ఇక్కడే కన్నుమూశారు. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. భార్య శేషగిరిగారు ఆంధ్రలోనే ఉండిపోయారు. మనం చూసే ఆయన ఫోటో సూటు, టై కట్టుకున్న ఒంటరి మనిషిది. 1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది. పక్కన ఎవరైనా ఉండవలసిన ఫోటో అది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1965 అక్టోబరు 3న లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టం 1968 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చాక డాక్టర్లు, ఇంజనీర్లు, వెనకాలే మేమూ వచ్చాం. నేను 1976లో డెట్రాయిట్‌లో దిగాను. మా వారు అప్పుడు రెసిడెన్సీ చేస్తున్నారు. 1978 చలికాలంలో ఒక పెద్ద షాపు లోపల ఉన్న స్టూడియోకి వెళ్ళి మొదటి కలర్ ఫోటో తీయించుకున్నాం. నిజం చెప్పొద్దూ, అప్పటికి నేను రోజూ ప్యాంటూ స్వెట్టరూ వేసుకుంటున్నాను. ఫోటో కోసం మాత్రం ముదురాకుపచ్చ ధర్మవరం చీర కట్టుకుని, మంగళసూత్రాలు పైకి కనబడేలా తీసి, అంత చలిలోనూ కోటు విప్పేశాను. మా వారు కొత్త తెల్లచొక్కా వేసుకున్నారు. ఇండియాకి పంపే ఫోటో కదా! రేపు ఎవరైనా చరిత్రకారుడు ఆ కాలపు ఫోటోలు ముందేసుకుని, డెబ్భైలలో తెలుగు స్త్రీలు మంచులో కూడా చీరలే కట్టేవారని రాస్తే నమ్మకండి.

నెల తర్వాత మా అత్తగారి ఉత్తరం వచ్చింది. చీర బాగుందని, సూత్రాలు కనబడ్డాయని సంతోషించి, కింద ఇంకో మాట రాశారు: ఎండ లేని దేశంలో ఇద్దరూ అంత నల్లబడ్డారేమిటి, తిండి సరిగ్గా తింటున్నారా అని. అత్తగారి అనుమానంలో నిజముంది. ఫోటోలో ధర్మవరం జరీ మిలమిలలాడుతోంది, తెల్లచొక్కా మెరుస్తోంది, మా ముఖాలు మాత్రం నీడలో ఉన్నాయి.

దానికి కారణం నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. ఆ రోజుల్లో కొడాక్ కంపెనీ ప్రింటింగు ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫోటో పంపేది. అందులో ఉండేది ఒక తెల్లజాతి యువతి. మొదటి మోడల్ పేరు మీద ఆ కార్డులని "షర్లీ" కార్డులు అనేవారు. షర్లీ ముఖం సరిగ్గా వస్తే అందరి ముఖాలూ సరిగ్గా వచ్చినట్లే లెక్క. దానికి తోడు, చొక్కా ఎంత తెల్లనైతే ఆటోమేటిక్ ప్రింటింగు మిషను బొమ్మని అంత ముదురుగా తీసేది. ముదురు గోధుమ రంగు బాగా పడాలని కొడాక్ మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళలో చాకొలెట్ కంపెనీలు, చెక్కసామాను కంపెనీలు ఉన్నాయని లోర్నా రోత్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన వ్యాసంలో వివరంగా రాశారు. చాకొలెట్ కోసం బాగుచేసిన ఫిల్ములో మన ముఖాలు కూడా బాగుపడ్డాయి. రకరకాల రంగుల మనుషులున్న నమూనా కార్డులు 1990లలో గాని రాలేదు. ఇదంతా తెలిసేనాటికి మా అత్తగారు లేరు, లేకపోతే తిండి బాగానే తిన్నామని చెప్పి ఉండేదాన్ని.

1990లలో ఇక్కడి కుటుంబాలకి ఇంకో సరదా పట్టుకుంది. ఇంటిల్లిపాదీ తెల్లచొక్కా, నీలం జీన్స్ వేసుకుని ఫోటో దిగడం. తల్లీబిడ్డలకి జోడు బట్టలు కుట్టించే ఫ్యాషను పశ్చిమదేశాల్లో పాతదే. పారిస్‌లో జాన్ లాన్‌వన్ అనే దర్జీ వనిత తన కూతురికి కుట్టిన బట్టలు చూసి తల్లులు ముచ్చటపడటంతో 1908లో పిల్లల బట్టల విభాగమే తెరిచింది. అంతకుముందు 1846లో విక్టోరియా రాణి తన కొడుక్కి నావికుల దుస్తులు వేయించి బొమ్మ గీయిస్తే, యూరప్ పిల్లలందరికీ అవే దుస్తులు వచ్చాయి. సరే, మనమూ మనుషులమే కదా. 1994లో మా అత్తగారు, మామగారు వచ్చి ఉన్నప్పుడు నాకూ ఆ తెలుపు పిచ్చి పట్టింది. పదిహేనేళ్ళ కొడుక్కి, పన్నెండేళ్ళ కూతురికి, మా ఇద్దరికీ తెల్లచొక్కాలు కొన్నాను. మామగారికి ఎలాగూ తెల్లపంచె, లాల్చీ ఉన్నాయి. అత్తగారి కోసమని డెవన్ ఎవెన్యూకి వెళ్ళిన స్నేహితురాలి చేత షికాగో నుంచి తెల్లటి షిఫాన్ చీర తెప్పించాను.

ఆవిడ ఆ చీరని ముట్టుకోలేదు. "మీ మామగారు పక్కన రాయిలా ఉండగా నన్ను తెల్లచీర కట్టుకోమంటావుటే?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

నేనూ ఊరుకోలేదు. "మధుపర్కాలు తెల్లనివి కాదా అత్తయ్యగారూ? పెళ్ళికి కట్టుకోలేదా మీరు?" అన్నాను. చదువుకున్న కోడలి తెలివి. ఆవిడ నన్ను కాసేపు చూసి, "వాటికి పసుపు ఉంటుంది. ఎర్రంచు ఉంటుంది. దీనికేముంది?" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆలోచిస్తే తెలుగు పెళ్ళిలో వధూవరులిద్దరికీ ఒకే రకం బట్ట, ఒకే అంచు. మనకంటూ సొంతంగా ఉన్న మొదటి జోడు బట్టలు మధుపర్కాలే. అక్కడ తెలుపు శుభం. అంచూ పసుపూ తీసేస్తే అదే తెలుపు, మన చాలా కులాల్లో, భర్త పోయిన ఆడదాని మీద కప్పిన శిక్ష. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినా, ఆ బట్ట మన మనసుల్లోంచి తొలగడానికి ఇంకో వందేళ్ళు చాల్లేదు. నేను తెచ్చింది ఫోటో కోసం ఒక చీర. ఆవిడకి కనబడింది వేరే.

చివరికి ఆవిడ తన పెట్టెలోంచి ముదురు మెరూన్ రంగు వెంకటగిరి చీర తీసి కట్టుకున్నారు. ఫోటో వచ్చింది. తెల్లటి వరస మధ్యలో ఒక్క మెరూన్ చుక్క. నా కంటికి ఫోటో పాడైపోయింది. ఫ్రేము కట్టించి మేడ మీద ఎవరూ తిరగని నడవాలో తగిలించాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

1997లో మామగారు పోయారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆవిడంతట ఆవిడే రంగులు మానేశారు. బూడిదరంగు, లేత చందనం రంగు, అంతే. ఆఖరిసారి అమెరికా వచ్చి వెళుతూ ఆ వెంకటగిరి చీర నా చేతిలో పెట్టి, "నాకెందుకిక, నువ్వు కట్టుకో" అన్నారు. 2006లో ఆవిడ పోయారు. మాకున్న కలర్ ఫోటోల్లో ఆవిడ నిండుగా, తనకిష్టమైన చీరలో ఉన్నది ఆ ఒక్కటే. నడవాలోంచి కిందకి తెచ్చాను. వచ్చిన వాళ్ళందరూ దాన్నే చూస్తారు, ఆవిడ దగ్గరే ఆగుతారు.

ఆ పెద్ద షాపుల స్టూడియోలు కూడా చాలావరకు చరిత్రలో కలిసిపోయాయి. సియర్స్, వాల్‌మార్ట్‌లలో స్టూడియోలు నడిపిన సీపీఐ కంపెనీ 2013 ఏప్రిల్‌లో వాటిని ఉన్నపళంగా మూసేసింది. ఇప్పుడు అందరూ పార్కుల్లో, సాయంత్రపు ఎండలో తీయించుకుంటున్నారు. ఈ మహాసభలకి వచ్చే యువజంటలు తల్లి చీర అంచు, కూతురి పట్టులంగా, తండ్రి కుర్తా అన్నీ ఒకే నేత నుంచి కుట్టించుకొస్తుంటే ముచ్చటగా ఉంది. పోచంపల్లి, గద్వాల నేతగాళ్ళకి నాలుగు డబ్బులు వస్తున్నాయి కూడా. ఎండిపోయిన ఆకు రంగుల కన్న నాకు అదే నచ్చుతుంది. ఇది నా అభిప్రాయం, మా అమ్మాయికి నచ్చదు.

ఇప్పుడు ఆ ఫోన్ మాట. మా వారు 2023లో పోయారు. 1994లో మా అమ్మాయికి పన్నెండేళ్ళు. బామ్మ తెల్లచీర వద్దన్న రోజు గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నది. ఇప్పుడు తనే తల్లికి మీగడ రంగు చీర కట్టుకోమని చెప్పవలసి వచ్చేసరికి నోట మాట రాలేదు. నేనేమీ అనుకోలేదు. నాకు ఆ పట్టింపులు లేవనే అనుకున్నాను. క్రీమ్ చీర ఒకటి తీసి ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నాను కూడా. రెండు రోజులు అది అలాగే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా చూపు తిప్పుకుంటున్నానని మూడోరోజుకి అర్థమైంది.

శనివారం పొద్దున అత్తగారి వెంకటగిరి చీర తీశాను. కొంగు దగ్గర జరీ నల్లబడింది, ఒకచోట రఫ్ఫు చేయించాను. ఇంట్లోంచి బయటికి వస్తుంటే మా కోడలు చూసి, "అత్తయ్యా, ఇది ఆ ఫోటోలోది కదూ!" అంది. అమ్మాయి ఏమీ అనలేదు, వచ్చి కుచ్చిళ్ళు సరిచేసింది. ఫోటోగ్రాఫరమ్మాయి చార్టునీ నన్నూ మార్చి మార్చి చూసి, అందరినీ కదిపి నన్ను మధ్యలో నిలబెట్టింది.

2008 నుంచి సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అనే సంస్థ మనలాంటి వాళ్ళ ఇళ్ళలో ఉన్న ఫోటోలని స్కాన్ చేసి భద్రపరుస్తోంది. ఫోటో మనదే, మన దగ్గరే ఉంటుంది. వాళ్ళకి పంపుదామని ఆల్బం ముందేసుకుంటే, వెనకవైపు ఏమీ రాసిలేని ఫోటోలు ఎన్నో. ఎవరో తెలియదు, ఎక్కడో తెలియదు. తెలిసిన వాళ్ళం మేం నలుగురమే మిగిలాం.

మనవరాలు నా పక్కన కూర్చుంది. చెరగని సిరాపెన్ను మెత్తగా పట్టుకుని, ఒత్తకుండా, ఒక్కో ఫోటో వెనక పేర్లు, సంవత్సరం, ఊరు రాశాను. 1962 ఫోటో వెనక గళ్ళు ఏ రంగువో గుర్తు తెచ్చుకోవడానికి హైదరాబాదులో ఉన్న మా పెద్దక్కకి ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. నీలం మీద పసుపు గళ్ళట. కొత్త ఫోటో ప్రింటు వెనక మెరూన్ వెంకటగిరి, ఎవరిది, ఎలా వచ్చింది అన్నీ రాశాను. చివరికి అమ్మమ్మ ఫోటో మిగిలింది. అది తను రాస్తానని పెన్ను తీసుకుంది పిల్ల. తెలుగు అక్షరాలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఒత్తులు నేను చెబుతుంటే వంకర టింకరగా రాసింది: "గుంటూరు, 1930. చీర ఎర్రది."